మనిషికో పిడికిలి

మునియమ్మ ఇంట్లో బియ్యం కొలవడానికి గ్లాసూ లేదు, డబ్బా లేదు. ఆమె కుడిచెయ్యే కొలత. పొద్దున్నే అయిదింటికి లేచి, ముఖం కడుక్కుని, పొయ్యి దగ్గర నిలబడి రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేది. తరవాత బస్తాలో చెయ్యి పెట్టి మనిషికో పిడికిలి తీసేది. "నాకు" అని ఒకటి, కొడుకు పేరు చెప్పి "రెజీకి" అని ఒకటి, కోడలి పేరు చెప్పి "ఆడ్రీకి" అని ఒకటి. ఆ మూడూ గిన్నెలో పడ్డాక నాలుగోది "ప్రభువుకి" అని తీసి గూట్లో ఉన్న పాత బిస్కెట్ల డబ్బాలో పోసేది. ఆ డబ్బాలో బియ్యం ఇంట్లోవాళ్ళు ముట్టకూడదు. గుమ్మంలోకి ఎవరు ఆకలితో వస్తే వాళ్ళవే.

ఈ పద్ధతి ఆమెకి అత్తగారు నేర్పింది. ఆ అత్తగారి తల్లి విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నటాల్ చెరుకు తోటల్లోకి కూలికి వచ్చినప్పుడు, ఒక చీరా ఒక బైబిలూ ఈ అలవాటూ వెంట తెచ్చుకుంది. షాకాస్‌క్రాల్ చుట్టుపక్కల తెలుగు క్రైస్తవుల ఇళ్ళల్లో ఇప్పుడు చాలామంది మానేశారు. తెలుగు మాట్లాడడమే మానేసినవాళ్ళు పిడికిలి మానేశారంటే ఆశ్చర్యమేముంది?

మునియమ్మ పిడికిలికి మాత్రం ఆ రోజు ఎవరు తింటారో ముందే తెలిసేది. ప్రభువు పేరు మీద తీసినప్పుడు, రాబోయేవాళ్ళ ఆకలిని బట్టి పిడికిలి లావయ్యేది. ఒక్కడొస్తే గుప్పెడు. పదిమందొస్తే అదే చేతిలో కుంచెడు పట్టేది. పక్కింటి తులసి గోడ మీంచి, "అక్కా, ఇవ్వాళ ఎంతొచ్చింది?" అని అడిగి, దాన్నిబట్టి తన కూరలో రెండు బంగాళాదుంపలు ఎక్కువ వేసుకునేది. పాస్టరుగారు కూడా శుక్రవారం ప్రార్థనకి బెంచీలు ఎన్ని వెయ్యాలో ఆమెనే అడిగి వేయించేవాడు.

ఒక్కసారి మాత్రం పిడికిలి నిలవలేదు. 1985లో ఒక పొద్దున భర్త ముత్తయ్య పేరు చెప్పి తీస్తే, బియ్యం వేళ్ళ సందుల్లోంచి జారిపోయాయి. చెయ్యి తడిగా ఉందేమోనని కొంగుకి తుడుచుకుని మళ్ళీ తీసింది. మళ్ళీ జారాయి. ఆ మధ్యాహ్నం చక్కెర మిల్లు దగ్గర చెట్టు కింద కూర్చుని, అన్నం క్యారేజీ మూత తీస్తూ తీస్తూ ముత్తయ్య పక్కకి ఒరిగిపోయాడు. గుండె ఆగిపోయిందన్నారు. మెతుకు కూడా నోట్లో పెట్టుకోలేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, 1994 ఏప్రిల్ ఇరవయ్యారు, మంగళవారం పొద్దున, "రెజీకి" అని తీసిన పిడికిలి జారిపోయింది.

ఆడ్రీ పక్కనే టీకి నీళ్ళు పెడుతోంది. బియ్యం నేల మీద పడ్డ చప్పుడుకి తిరిగి చూసింది. ఆమె తమిళుల పిల్ల. ఈ ఇంటికి వచ్చాకే నాలుగు తెలుగు ముక్కలు నేర్చుకుంది. అమ్మ అనడానికి రెజీ అన్నట్టే తనూ అత్తగారిని "మా" అంటుంది. పెళ్ళైన కొత్తలో ఒకసారి, "మా ఇద్దరికీ కలిపి ఒకటే తియ్యండి మా," అని సరదాకి అంటే మునియమ్మ కస్సుమంది. ఒక కడుపుకి ఒక పిడికిలి, రెండు పేర్లు కలపకూడదని అత్తగారి మాట. ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ దాటలేదు.

"ఇంకోసారి తియ్యండి మా," అంది ఆడ్రీ మెల్లగా.

తీసింది. జారింది. మూడోసారీ అంతే.

నాలుగో పిడికిలి తీసేసరికి మాత్రం చెయ్యి బస్తాలోంచి పైకి రానంది. రెండో చేత్తో పట్టుకుని లాగి పోస్తే డబ్బా నిండి మూత దగ్గర పొర్లిపోయింది. అన్ని బియ్యం ఎన్నడూ రాలేదు. అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ మంగళవారం మామూలు రోజు కాదు. మర్నాటి నుంచి దేశమంతా ఓట్లు. నల్లవాళ్ళకి జన్మలో మొదటి ఓటు. తోపులాట లేకుండా ముసలివాళ్ళకీ జబ్బుపడ్డవాళ్ళకీ ఒక రోజు ముందుగా పెట్టారు. సంతోషించాల్సిన రోజే గానీ, ఊళ్ళో ఎవరికీ నిద్రల్లేవు. నెలల తరబడి చెరుకు తోటల అవతల ఇళ్ళు తగలబడుతున్నాయి. ఈ పార్టీవాళ్ళు ఆ పార్టీవాళ్ళని, ఆ పార్టీవాళ్ళు ఈ పార్టీవాళ్ళని చంపుకుంటున్నారు. ఏ పార్టీ ఏదో నేను చెప్పను. పోయినవాళ్ళ తల్లులు రెండు వైపులా ఒకేలా ఏడ్చారు. ఓట్ల తరవాత ఏమవుతుందోనని దుకాణాల్లో కొవ్వొత్తులు కూడా మిగల్లేదు. ఆడ్రీ చేపల డబ్బాలు ముప్పై కొనుక్కొచ్చి మంచం కింద దాచింది.

రెజీ టోంగాట్‌లో మెకానిక్కు. చర్చివాళ్ళ పాత కోంబీ వ్యానుకి ప్రాణం పోసి నడిపేది అతనే. ఆ పొద్దున ఆరుగురు ముసలివాళ్ళని ఓటేసే బడి దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ ఇళ్ళకి చేరుస్తానని మాటిచ్చాడు. ఆదివారంనాడు చర్చి తలుపు కింద ఎవరో చీటీ తోసిపోయారు. ముసలాళ్ళని ఎక్కించుకున్న బండి ఏదైనా సరే, మనిషితో సహా కాలుతుందని అందులో రాసి ఉంది. పాస్టరుగారు ఆ చీటీ చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నువ్వు మానుకున్నా ఎవరూ ఏమనరు రెజీ," అన్నాడు. రెజీ మానుకోలేదు.

అతను స్నానానికి వెళ్ళాడు. కోంబీ తాళం మేకుకి వేలాడుతోంది. మునియమ్మ అది తీసి ప్రభువు డబ్బాలో, బియ్యం అడుగుకి దూర్చి మూత పెట్టేసింది. ఆడ్రీ చూసింది. చూసి, గభాలున అటు తిరిగి టీలో చక్కెర వేసింది.

రెజీ తల తుడుచుకుంటూ వచ్చాడు. మేకు చూశాడు, బల్ల కింద చూశాడు, ప్యాంటు జేబులన్నీ తిరగేశాడు.

"మా, కీస్ చూశావా?"

"నాకేటి తెలుసు."

"ఆడ్రీ?"

ఆడ్రీకి అబద్ధం చేతకాదు. ఏడుపు వచ్చేసింది. "నీ పిడికిలి నిలవలేదు రెజీ. మూడుసార్లు తీశారు మా. మూడుసార్లు."

రెజీ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అతనికీ భయం వేసింది. ఎందుకెయ్యదు? నాన్న పిడికిలి జారిన పొద్దున అతను అక్కడే నిలబడి ఉన్నాడు. కాసేపు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"ఆరుగురు, మా. తెల్లారకుండానే లేచి తయారై కూర్చుని ఉంటారు," అన్నాడు చివరికి.

"కూచోనీ. ఇంకెవరూ బండ్లు తోలేవాళ్ళు లేరా ఈ ఊళ్ళో? నువ్వే దొరికినావా?"

"నువ్వెప్పుడైనా అన్నావా ఆ మాట? ఈ గుమ్మంలోకి వచ్చినవాళ్ళతో ఇంకో ఇంటికి పొమ్మని అన్నావా?"

"బియ్యం ఇచ్చినాను గానీ కొడుకుని ఇచ్చినానేటిరా!" అని అరిచింది మునియమ్మ. ఆ అరుపుకి పక్కింట్లో తులసి రేడియో ఆపేసింది.

ఏడున్నరైంది. రెజీ ఇల్లంతా వెతికాడు, ఆ డబ్బా తప్ప. దాన్ని ఇంట్లోవాళ్ళు ముట్టకూడదు కదా. మునియమ్మ దాని ముందే పీట వేసుకుని కూర్చుని, ప్రభువా, ప్రభువా అనుకుంటోంది గానీ ఆ పై మాట రావడంలేదు. దొంగతనం చేసి, సొమ్ము ఆయన చేతికే దాచిపెట్టమని ఇచ్చినట్టుంది ఆమె పని.

ఎనిమిదింటికి వీధిలో కీచుమని చక్రం చప్పుడైంది. మట్టి మోసే ఒంటి చక్రం బండిలో గోగో మాచేలే కూర్చుని వస్తోంది. జూలూవాళ్ళు అవ్వని గోగో అంటారు. ఎనభై రెండేళ్ళది, కాళ్ళు పడిపోయాయి. చెరుకు తోట అవతలి కొండ మీద ఆమె ఇల్లు. కోడలు చెమటలు కక్కుతూ బండి తోస్తోంది. గోగో తెల్ల బ్లౌజు వేసుకుని, ఒళ్ళో గుడ్డమూట పెట్టుకుంది. వరదల ఏడాది మునియమ్మ డబ్బాలో బియ్యం ఆ ఇంట ఉడికాయి. అప్పటి నుంచి ఇద్దరికీ స్నేహం.

"మునీ, నీ కొడుక్కి ఎలా ఉంది?" అంది గోగో జూలూలో, బండిలోంచే.

మునియమ్మకి జూలూ బాగానే వచ్చు గానీ, అడిగింది అర్థం కాలేదు. "ఎలా ఉండడమేటి?"

"వస్తానన్నవాడు రాలేదు. రెజీ మాట తప్పే మనిషి కాడు, ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. ఓటుదేముంది, ముందు చూసి పోదామని వచ్చాను." మూట విప్పింది. ఉడకబెట్టిన చేమదుంపలు, ఇంకా వెచ్చగానే ఉన్నాయి. "జ్వరం నోటికి ఇవి హితవుగా ఉంటాయి."

మునియమ్మ ఆ దుంపల్ని అందుకుంది. తోట గుండా మూడు మైళ్ళు, ఎవరెక్కడ కత్తి పట్టుకుని కూర్చున్నారో తెలియని దారిలో, ఈ ముసలామె మంచి మనిషికి జ్వరం వచ్చిందని దుంపలు పట్టుకొచ్చింది. మునియమ్మకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఇంట్లోకి వెళ్ళి, డబ్బా మూత తీసి, మోచేతి దాకా చెయ్యి దూర్చి తాళం తీసి కొడుకు ముందు పెట్టింది.

"నేనే దాచినాను. పద. నేనూ వస్తాను."

"నువ్వెందుకు మా?"

"ఇన్ని బియ్యం వచ్చినాయి ఇవ్వాళ. తినేవాళ్ళు గుమ్మంలోకి రాలేదు. దారిలో ఉన్నారేమో."

డబ్బా ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. గోగోని రెజీ ఎత్తుకుని ఎక్కించాడు. మిగతా అయిదుగుర్నీ ఇళ్ళ దగ్గర ఎక్కించుకునేసరికి తొమ్మిది దాటింది. ఇంటి దగ్గర బండి కదిలినప్పుడు గుమ్మంలో నిలబడ్డ ఆడ్రీ చెయ్యి ఊపలేదు. ద్వారబంధం పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది.

తోటల మధ్య రెండో మలుపులో రోడ్డుకి అడ్డంగా నీలగిరి దుంగ పడేసి ఉంది. పక్కన టైరు కాలుతోంది. చెరుకు నరికే కత్తులతో ఎనిమిదిమంది. రెజీ బ్రేకు వేశాడు. వెనక్కి తిప్పడానికి చోటు లేదు, రెండు పక్కలా మనిషెత్తు చెరుకు.

అందరికీ నాయకుడిలా ఉన్నవాడికి పాతికేళ్ళుంటాయి. చొక్కాకి పై గుండీ లేదు. మిగతావాళ్ళు అతన్ని జబులాని అని పిలుస్తున్నారు. వచ్చి రెజీ వైపు తలుపు తీశాడు.

"వీళ్ళని ఏ పార్టీకి తోలుకెళ్తున్నావు?"

"నేను తోలేది మనుషుల్ని," అన్నాడు రెజీ. "ఎవరికి వేస్తారో నేను అడగలేదు."

"నన్నడుగు, చెప్తాను," అంది వెనక నుంచి గోగో. "ఎనభై రెండేళ్ళు ఆగాను. నీ మొహం చూసి ఇంటికిపోతాననుకున్నావా?"

జబులాని ఆమె మాట పట్టించుకోలేదు. రెజీని కాలరు పట్టుకుని కిందికి లాగాడు. రెజీ మోకాళ్ళ మీద పడ్డాడు. ఒకడు సీసా మూత తీస్తే పెట్రోలు వాసన వచ్చింది. మునియమ్మ డబ్బా చంకన పెట్టుకుని ఎలా దిగిందో దిగింది. ఏం చెయ్యాలో ఆమెకి తెలియలేదు. నలభై ఏళ్ళుగా చేసే పని ఒక్కటే తెలుసు.

"అందులో ఏముంది?" అన్నాడు జబులాని.

"బియ్యం. మీరు తిన్నారా?"

నిన్న సాయంత్రం నుంచి అక్కడే ఉన్నట్టున్నారు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒకడు, వయసులో అందరికంటే పెద్దవాడు, కత్తి దించి ఆమె చేతి వంక చూశాడు. "ఈమె మిల్లు కూలీల లైన్లలో ఉండే మునియమ్మ," అన్నాడు. ఆ చుట్టుపక్కల ఆ చెయ్యి సంగతి తెలియని ఇల్లు లేదు. "చూడు మా. మాకు తీసి చూడు."

ఆమె డబ్బా మూత తీసింది. అతని పేరడిగి పిడికిలి తీసింది. నిలిచింది. అతను టోపీ పట్టాడు. రెండోవాడు చొక్కా కొస పట్టాడు. ఏడుగురికి ఏడు పిడికిళ్ళు, గింజ జారలేదు. పెట్రోలు సీసా పట్టుకున్నవాడు దాన్ని కింద పెట్టి మరీ పట్టించుకున్నాడు.

"జబులానికి," అంది.

బియ్యం జలజలా తారు మీద పడ్డాయి.

మళ్ళీ తీసింది. పడ్డాయి. పక్కనున్నవాళ్ళు అతని నుంచి ఒక అడుగు వెనక్కి వేశారు. జబులాని నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "మళ్ళీ," అన్నాడు. మూడోసారి తీస్తుంటే మునియమ్మ అతని మొహమే చూస్తోంది. ఇందాకటి దాకా అది తన కొడుకుని చంపబోయే మొహం. ఇప్పుడు చూస్తే పొద్దున వంటింట్లో తువ్వాలు మొహాన కప్పుకుని కూర్చున్న రెజీలాగే ఉన్నాడు.

మూడోసారీ జారాయి.

"నాయనా, నీకు ఇవ్వాళ తిండి లేదు," అంది. "నా కొడుక్కీ లేదు. పొద్దున చూసినాను."

టైరు చిటపటమని కాలుతోంది. ఒక తల్లి అక్కడే కూలబడి ఏడ్వాల్సిన సమయం. మునియమ్మ కళ్ళు మూసుకుని, ప్రభువా, అత్తమ్మ ఒప్పుకోదు, నువ్వు ఒప్పుకో అనుకుంది. డబ్బాలో చెయ్యి పెట్టింది.

"రెజీకీ, జబులానికీ. ఇద్దరికీ కలిపి."

పిడికిలి పైకి వచ్చింది. వేళ్ళు బిగుసుకుని ఉన్నాయి. తలకిందులు చేసి చూపించింది, ఒక్క గింజ రాలలేదు. కొంగు చివర పోసి గట్టిగా ముడి వేసుకుంది.

"ఇద్దరూ కలిసి తినాలి. లెయ్యిరా రెజీ. నువ్వు బండెక్కు జబులాని."

"నేను ఈ చోటు వదిలి రాకూడదు," అన్నాడు జబులాని.

"ఉంటే ఉండు. చెయ్యి చూపించింది, నేను చెప్పినాను." అంటూనే అతని మణికట్టు పట్టుకుంది. అతను విడిపించుకోలేదు. వయసులో పెద్దవాడు అతని చేతిలోంచి కత్తి మెల్లగా తీసుకున్నాడు. "వెళ్ళు. మేమూ ఇళ్ళకిపోయి ఇవి వండుకుంటాం," అన్నాడు. దుంగని జబులానే పక్కకి లాగాడు.

రెండు మైళ్ళ తరవాత వంతెన దగ్గర దారికి అడ్డంగా రాళ్ళు పేర్చుకుని మరో గుంపు ఉంది. కోంబీని చూడగానే ఒకడు గుడ్డ కుక్కిన సీసాకి అగ్గిపుల్ల గీశాడు. చీటీ రాసింది వీళ్ళేనని రెజీకి అర్థమైంది. వాళ్ళూ జబులాని పక్షంవాళ్ళే; అతను కిటికీలోంచి తల బయటపెట్టి, వాణ్ణి పేరు పెట్టి తిట్టాడు. అగ్గిపుల్ల ఆరిపోయింది. జబులాని దిగి, వాళ్ళతో చాలాసేపు చేతులూపుతూ మాట్లాడి వచ్చాడు. ఏం చెప్పాడో ఎవరూ అడగలేదు. రాళ్ళు తీశారు. బండి వంతెన దాటేదాకా మునియమ్మ కొంగుముడి వదల్లేదు.

బడి దగ్గర నాలుగ్గంటలు పట్టింది. గోగోని కుర్చీతో సహా రెజీ, జబులాని చెరో పక్క పట్టుకుని లోపలికి మోశారు. బయటికి వచ్చాక ఆమె జబులాని తల మీద ఒకసారి చెయ్యి పెట్టింది. ఎవరో అతనికి రొట్టె ఇవ్వబోతే మునియమ్మ మధ్యలో అడ్డంపడింది. "నీళ్ళు తాగండి, అంతే. ఈ బియ్యం ఉడికేదాకా ఇద్దరూ ఏమీ ముట్టొద్దు."

తిరిగొచ్చేటప్పుడు రెండో మలుపులో రెజీ బండి ఆపాడు. అవతలి పక్షంవాళ్ళ లారీ పదకొండింటికి జబులాని కోసం అక్కడికి వచ్చిపోయిందని దారిలో ఎవరో చెప్పారు. నీలగిరి దుంగకి తూటాల బెజ్జాలు వరసగా ఉన్నాయి. జబులాని దిగి, ఒక బెజ్జంలో వేలు పెట్టి చూశాడు. రోడ్డు మీద గింజల్ని పిచ్చుకలు ఏరుకుంటున్నాయి. అతను వచ్చి మళ్ళీ తన చోట్లో కూర్చున్నాడు.

ముసలివాళ్ళని ఇళ్ళ దగ్గర దింపి ఇంటికి చేరేసరికి మూడున్నర. ఆడ్రీ అదే గడప దగ్గర ఉంది. మొగుణ్ణి కౌగిలించుకుని, భుజం మీంచి కొత్త మనిషిని చూసి, ఏమీ అడక్కుండా మంచం కింద నుంచి రెండు చేపల డబ్బాలు తెచ్చి కూర పెట్టింది. మునియమ్మ కొంగు విప్పి చిన్న గిన్నెలో ఆ పిడికెడూ వండింది.

"ప్రభువు డబ్బాలోవి మనం తినకూడదు కదా మా," అన్నాడు రెజీ.

"ఇవ్వాళ నువ్వు ఈ ఇంటివాడివి కావు. ఆకలితో వచ్చినావు. తిను."

ఒకే కంచంలో పెట్టింది. వెనక మెట్ల మీద ఇద్దరూ మోకాలుకి మోకాలు ఆనించి కూర్చుని తిన్నారు. మొదటి ముద్ద రెజీ గొంతు దిగేదాకా మునియమ్మ ఊపిరి పీల్చలేదు. తరవాత జబులాని వంక చూసింది. అతను కంచానికి అంటిన చివరి మెతుకు కూడా వేలితో తీసుకుని తిన్నాడు. అప్పుడు లోపలికి వెళ్ళి, తలుపు వేసుకుని ఏడ్చింది.

మర్నాడు పొద్దున అయిదింటికి బస్తాలో చెయ్యి పెట్టి "రెజీకి" అని తీసింది. బియ్యం జారిపోయాయి.

గోడ పట్టుకుని నిలదొక్కుకుంది. ఏదో తట్టింది. "రెజీకీ, జబులానికీ," అంది గొణుగుతూ. పిడికిలి నిండుగా పైకి వచ్చి, నిలిచింది.

"ఆడ్రీ, రెజీని లేపమ్మా," అంది. "జబులానిని తీసుకురావాలి. ఇవ్వాళే కాదు, రోజూ. ఎక్కడున్నా, ఎంత దూరంలో ఉన్నా వాళ్ళిద్దరి అన్నం ఇంక ఒక్క గిన్నెలోనే ఉడకాలి."

ఆడ్రీ కిటికీ తెర తీసి బయటికి చూసింది. "వెళ్ళక్కర్లేదు మా."

గేటు దగ్గర జబులాని నిలబడి ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకుని, ఓటుకి వెళ్ళడానికి తల దువ్వుకుని వచ్చాడు. చేతిలో సొంత చెంచా ఉంది. లోపలికి రావాలో వద్దో తెలియక గేటు గొళ్ళేన్ని తిప్పుతున్నాడు.

మునియమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి, అతన్ని కింద నుంచి పై దాకా చూసింది.

"ముందు ఆ చొక్కా విప్పు," అంది. "గుండీ కుట్టి ఇస్తాను. ఓటుకి అలాగేనా పోతావు?"

అతను చొక్కా విప్పి ఇచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. లోపల అన్నం ఉడుకుతోంది.